బీరువాలో పెట్టిన గ్రాఫుల యంత్రం

తాడేపల్లిగూడెం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. అందులోని సంగతి మాత్రం మన పాఠకుల ఇళ్ళల్లో చాలామందికి పనికివచ్చేదే. అంచేత ఈ వారం అనుకున్న విషయాలన్నీ పక్కన పెట్టి దాన్నే తీసుకొంటున్నాను.

ఆమె తమ్ముడికి అమెరికాలో ఉద్యోగం. వేసవిలో వచ్చినప్పుడు మేనల్లుడికి ఒక కాలిక్యులేటరు తెచ్చి ఇచ్చాడు. మామూలు కూడికలు, తీసివేతలు చేసేది కాదు. సమీకరణం కొడితే చాలు, తెరమీద గ్రాఫు గీసి చూపిస్తుంది. కుర్రవాడు పదో తరగతి. రెండు రోజులు దాన్ని వదలకుండా కూర్చున్నాడట. మూడోనాడు బడికి తీసుకువెడితే లెక్కల మాష్టారు చూసి, “పరీక్షకు రానివ్వరు గదా, దీనితో మనకేం పని? ఇంట్లో పెట్టెయ్యి నాయనా” అన్నారట. ఇంట్లో మామగారు, “ఇది చేతికి వస్తే బుర్ర తుప్పు పడుతుందమ్మా, నా మాట విను” అన్నారట. తమ్ముడికి ఫోను చేస్తే, “అక్కా, ఇక్కడ ఇది లేనిదే పిల్లలు లెక్కల క్లాసుకి వెళ్ళరు. నువ్వు మధ్యలో అడ్డుపడకు” అన్నాడట. ముగ్గురూ పిల్లవాడి మేలు కోరేవారే. మూడూ మూడు దారులు. ఆమె ఏ దారీ తోచక యంత్రాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశారు. “తాళం తియ్యమంటారా, వద్దంటారా?” అన్నది ప్రశ్న.

ఉత్తరం చివర ఒక వాక్యం వుంది. “నేను ఇంటర్మీడియట్‌తో చదువు మానేసింది లెక్కల భయంతోనేనండీ. ఆ భయం మావాడికి అంటకుండా వుంటే చాలు.” ఇది చదివాక, ‘యంత్రం మంచిదా చెడ్డదా’ అని పైపైన నాలుగు మాటలు రాసి వూరుకోవడం న్యాయం కాదనిపించింది.

మొదట అసలు గ్రాఫంటే ఏమిటో చెప్పుకొందాం. లెక్కలు మరిచిపోయిన తల్లిదండ్రులు కంగారు పడనక్కరలేదు. ఒకటి మారుతూ వుంటే దాన్నిబట్టి రెండోది ఎలా మారుతున్నదో బొమ్మగా చూపించేదే గ్రాఫు. నెలలు గడుస్తున్నకొద్దీ పసిపిల్ల బరువు ఎలా పెరుగుతున్నదో చూపించే అంగన్వాడీ కార్డు కూడా గ్రాఫే. ఆసుపత్రిలో రోగి మంచం దగ్గర వేలాడే జ్వరం చీటీ కూడా గ్రాఫే. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, వాటి మధ్య చుక్కలు. బీజగణితాన్నీ రేఖాగణితాన్నీ ఇలా ఒకే పీటమీద కూర్చోబెట్టిన పుస్తకం ఫ్రెంచి పండితుడు దెకార్త్ 1637లో అచ్చువేశాడు. అప్పటినుంచీ లోకంలోని విజ్ఞానమంతా ఆ రెండు గీతల మీద నడుస్తున్నదంటే పెద్ద అతిశయోక్తి కాదు.

మన హైస్కూళ్ళలో మాత్రం గ్రాఫంటే చాలామంది పిల్లలకు వేరే అర్థం వుంది. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రంతోపాటు గళ్ళ కాగితం ఒకటి ఇస్తారు. దానిమీద స్కేలు రాయాలి, పట్టిక వేయాలి, చుక్కలు పెట్టాలి, సన్నగా చెక్కిన పెన్సిలుతో కలపాలి, మార్కులు తీసుకోవాలి. ఆ వంపు ఏం చెబుతున్నదని అడిగేవారు తక్కువ. గీత నున్నగా వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. చదువులో వెనకబడిన పిల్లలకు సైతం మాష్టార్లు, “ఏది వదిలినా గ్రాఫు వదలకు, మార్కులు ఖాయం” అని చెబుతూ వుంటారు. మంచి సలహాయే. కాని భోజనం పెట్టి రుచి చూడవద్దన్నట్టుగా వుంటుంది.

ఇక ఆ యంత్రం సంగతి. గ్రాఫులు గీసే మొదటి చేతి కాలిక్యులేటరును 1985లో జపాను కంపెనీ కాసియో అమ్మకానికి పెట్టింది. 1990లో అమెరికా కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన మొదటిదాన్ని తెచ్చింది. అక్కడి పాఠశాలలు వీటిని త్వరగానే దగ్గరకు తీశాయి. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి చదువు చదివే పిల్లలకు ఏ.పి. అని పరీక్షలు పెడతారు. మన ఆంధ్రప్రదేశ్ కాదు లెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అందులో కలనగణితం పరీక్షకు 1995 నుంచి గ్రాఫుల కాలిక్యులేటరు తప్పనిసరి చేశారు. అప్పటినుంచి అక్కడి తల్లిదండ్రులకు బడి తెరిచేముందు కొనవలసిన వస్తువుల్లో ఇదొకటి. ఖరీదు నూరు డాలర్లకు అటూ ఇటూ. అన్న వాడింది తమ్ముడికి, తమ్ముడు వాడింది పక్కింటివారికి చేతులు మారుతూ వుంటుంది, మన దగ్గర పాత పాఠ్యపుస్తకాలు మారినట్టు.

ఆ రోజులు కూడా మారాయి. శాట్ అనే పరీక్ష 2023లో బయటి దేశాలలోనూ, 2024లో అమెరికాలోనూ పూర్తిగా కంప్యూటరు మీదికి వెళ్ళింది. అందులో గ్రాఫులు గీసే సాధనాన్ని పరీక్ష తెరలోనే అమర్చారు. డెస్మోస్ అని దాని పేరు. 2011లో పుట్టిన ఆ సాధనం ఇంటర్నెట్టులో ఎవరికైనా ఉచితం. దానికంటే ముందే, 2001లో, ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి తన చదువులో భాగంగా జియోజీబ్రా అనే దాన్ని మొదలుపెట్టాడు. అదిన్నీ ఉచితమే. ఒకసారి సెల్‌ఫోనులోకి దింపుకొంటే సిగ్నలు లేనిచోట కూడా పనిచేస్తుంది. అంటే ఆ సోదరి బీరువాలో దాచిన వస్తువు చేసే పని, ఆమె వంటింటి గట్టుమీద వున్న ఫోను కూడా చేస్తుందన్నమాట. తాళం వేసి లాభం లేదు. ఏం చేయాలో ఆలోచించవలసిందే.

మన దేశంలో కట్టుబాటు వేరు. పదో తరగతి పరీక్షలో కాలిక్యులేటరు లేదు. ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చినా దానికీ లేదు, జె.ఇ.ఇ.కి లేదు. తాడేపల్లిగూడెంలోనే 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వుంది. తమ వూరి కాలేజీలో సీటు రావాలని ఆ చుట్టుపక్కల తల్లులందరికీ ఆశ. ఆ సీటు కోసం రాసే పరీక్ష గదిలోకి చిన్న కాలిక్యులేటరు కూడా పోకూడదు. సీటు వచ్చి గేటు దాటాక మాత్రం కాలిక్యులేటరూ కంప్యూటరూ లేకుండా ఇంజనీరింగు చదువు సాగదు. గేటుకు ఇటువైపు నిషేధం, అటువైపు నిర్బంధం! ఇది చూస్తే మాష్టారి మాటా తప్పు కాదు, తమ్ముడి మాటా తప్పు కాదు. మాష్టారు గేటుకు ఇవతల నిలబడి మాట్లాడుతున్నారు, తమ్ముడు అవతల నుంచి మాట్లాడుతున్నాడు.

మామగారి మాట వుంది. బుర్ర తుప్పు పట్టడం. ఇది పాత భయమే. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నోటికి వచ్చే పద్యంలో వుంటేనే లెక్క మనిషి వెంట వుంటుందని ఆనాటి నమ్మకం. మా పెద్దవాళ్ళకు పాతిక ఎక్కాలే కాక పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా నోటికి వచ్చేవి. తరవాత కాలేజీల్లో క్లార్క్స్ టేబుల్సు వచ్చాయి. లాగరిథం పట్టిక చూసి గుణకారాలు చేస్తుంటే, “ఇక పిల్లలకు గుణకారం ఏం వస్తుంది?” అన్నవాళ్ళు వున్నారు. ఆ పట్టిక పోయి కాలిక్యులేటరు వచ్చినప్పుడు, “పట్టిక చూడడం కూడా మరిచిపోతున్నారు” అన్నది వాళ్ళ పిల్లలు. ఇది చెప్పి పెద్దలను నవ్వులాట పట్టించాలని కాదు. వారి మాటలో కొంత నిజం వుంది. పావు ఎక్కాలు పోయాయి, నిజంగానే పోయాయి. బజారులో ముప్పాతిక కిలో చింతపండు ధర నోటితో కట్టలేని డిగ్రీవారు మనకు రోజూ కనిపిస్తూనే వున్నారు. యంత్రం ఒకటి ఇస్తుంది, ఒకటి తీసుకుంటుంది. ఏది ఇస్తున్నది, ఏది తీసుకుంటున్నది అన్నదే చూసుకోవాలి.

ఈ చూసుకోవడానికి మా ఏలూరు ఇంట్లోనే అవకాశం దొరికింది. మా అన్నయ్యగారి మనవడు టెక్సాసులో చదువుతున్నాడు, మా చెల్లెలి మనవరాలు ఇక్కడే మునిసిపల్ హైస్కూల్లో. ఇద్దరిదీ ఒకే ఈడు. సెలవులకు ఇద్దరూ ఒకచోట చేరారు. వాడి చేతిలో యంత్రం, ఈ పిల్ల చేతిలో గళ్ళ కాగితం. మధ్యాహ్నం ఎండకు బయటకు వెళ్ళనివ్వక, ఇద్దరికీ చెరొక లెక్కా ఇచ్చి కూర్చోబెట్టాను.

మొదటిది, ఎక్స్ వర్గానికి యాభై కలిపితే వచ్చే గ్రాఫు. వాడు టకటకా కొట్టాడు. తెరమీద అడ్డగీత, నిలువుగీత తప్ప ఏమీ లేదు. “తాతయ్యా, ఏం రాలేదు, దీనికి గ్రాఫు లేదు” అన్నాడు. పిల్ల కాగితం వంక కూడా చూడలేదు. “లేకపోవడమేంటిరా! ఏ సంఖ్య వర్గమైనా సున్నాకంటె తక్కువ వుండదు గదా. దానికి యాభై కలిస్తే గీత యాభైకి పైనే వుంటుంది. నీ తెర పదివరకే వుంది. నువ్వు కిటికీలోంచి చూసి డాబామీద ఎవరూ లేరంటున్నావు” అంది. నిజమే. ఆ యంత్రం మామూలుగా మైనస్ పది నుంచి పది వరకే చూపిస్తుంది. ఎంతవరకు చూడాలో చెప్పవలసినది మనిషి. చేత్తో పట్టిక వేసి అలవాటున్న పిల్లకు గీత ఎక్కడుంటుందో ముందే తెలుసు. వాడికి తెరలో కనిపించిందే లోకం.

రెండోది, ఎక్స్ ఘనంలోంచి ఎక్స్ తీసివేస్తే వచ్చే గ్రాఫు. ఈసారి పిల్ల పట్టిక వేసింది. మైనస్ రెండు దగ్గర మైనస్ ఆరు. మైనస్ ఒకటి దగ్గర సున్నా. సున్నా దగ్గర సున్నా. ఒకటి దగ్గర సున్నా. రెండు దగ్గర ఆరు. అయిదు చుక్కలు పెట్టి కలిపింది. కింద నుంచి పైకి వచ్చి, మధ్యలో చాపలా పరుచుకొని, మళ్ళీ పైకి పోయింది గీత. అందంగా గీసింది కూడా. వాడు యంత్రం కొట్టి పక్కన పెట్టాడు. అందులో మధ్యన చాప లేదు, అల వుంది. మైనస్ ఒకటికీ సున్నాకూ నడుమ చిన్న గుట్ట, సున్నాకూ ఒకటికీ నడుమ చిన్న గుంట. పిల్ల నమ్మలేదు. “అర దగ్గర కట్టి చూడవే” అన్నాను. మైనస్ అర దగ్గర సున్నా దశాంశం మూడు ఏడు అయిదు వచ్చింది. సున్నా కాదు. “అంటే చుక్కల మధ్యన ఏం జరుగుతుందో నేను చూడలేదన్నమాట” అంది నెమ్మదిగా.

నాకు ఈ రెండు లెక్కలతో సంగతి అర్థమైంది. చేతితో గీసేవాడికి చుక్కలు తెలుస్తాయి, వాటి మధ్య తెలియదు. యంత్రంతో చూసేవాడికి వంపు కనిపిస్తుంది, అది ఎందుకొచ్చిందో తెలియదు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒక ఆట కట్టుకొన్నారు. ఒకరు సమీకరణం చెప్పాలి. యంత్రం ముట్టకుండా రెండోవారు గీత ఎలా వుంటుందో చేత్తో చిత్తుగా గీయాలి. అప్పుడు మీట నొక్కాలి. సరిపోతే ఒక మార్కు. సరిపోకపోతే ఎందుకు సరిపోలేదో చెబితే రెండు మార్కులు. రాత్రి భోజనాలకు పిలిస్తే “ఇదొక్కటే తాతయ్యా” అంటూ లేవలేదు. లెక్కల కోసం పిల్లలను భోజనానికి మూడుసార్లు పిలవవలసి రావడం మా ఇంట్లో అదే మొదలు.

ఈ గ్రాఫులు జీవితంలో ఎందుకు పనికివస్తాయని అడిగేవారికి కైకలూరు అవతలి ఒక సంగతి చెబుతాను. మాకు దూరపు బంధువు, వరసకు తమ్ముడు అవుతాడు. అభయారణ్యం హద్దుకు బయట చేపల చెరువు కౌలుకు చేస్తున్నాడు. బొచ్చె, శీలావతి. అప్పు తెచ్చి పెట్టిన మేత. చెరువుల వాళ్ళకు పాములకంటె, దొంగలకంటె తెల్లవారుజాము అంటే భయం. పగలు ఎండలో నీటిలోని పచ్చనాచు ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి అది ఆగిపోతుంది. నాచూ చేపలూ అడుగు బురదా అన్నీ కలిసి వున్నదాన్ని తినేస్తూ వుంటాయి. అందువల్ల నీటిలో ఆక్సిజను రాత్రల్లా తగ్గుతూ వచ్చి సూర్యోదయానికి ముందు అట్టడుగుకు దిగుతుంది. మబ్బు పట్టిన రోజు మరీను. మరీ తగ్గితే చేపలు నోళ్ళు పైకెత్తి తేలతాయి. చూసి ఏరేటర్లు వేసేలోపల యేడాది పంట పోతుంది. పోనీ సాయంత్రం నుంచే ఏరేటర్లు వేద్దామంటే కరెంటు బిల్లు, డీజిలు ఖర్చు తట్టుకోలేరు.

ఆ తమ్ముడి కూతురు పదో తరగతి. ఒకనాడు చెరువు గట్టుమీద కూర్చొని మీటరుతో కొలిచిన అంకెలు చదువుతున్నది. రాత్రి ఎనిమిది గంటలకు ఏడు. పది గంటలకు ఆరు. “బాబాయ్, నాన్న రాత్రంతా మేలుకొంటున్నారు, రెండుగంటలకోసారి లేస్తున్నారు” అంది. “నీ గళ్ళ కాగితం ఏదీ?” అన్నాను. అడ్డంగా గంటలు, నిలువుగా ఆక్సిజను. రెండు చుక్కలు పెట్టి, స్కేలు పెట్టి, గీతను తెల్లవారేదాకా పొడిగించింది. రెండు గంటలకు ఒకటి చొప్పున తగ్గుతున్నది గనుక నాలుగు గంటలకు మూడు దగ్గరకు వస్తుంది. “నాలుగుకు ముందే వేస్తే చాలు నాన్నా. మూడింటికి అలారం పెడదాం” అంది. అతను వెంటనే నమ్మలేదు. మూడింటికి తానే లేచి కొలుచుకొన్నాడు. గీత చెప్పినదానికి దగ్గరగానే వుంది. ఏరేటర్లు వేశాడు.

ఇది నేను కనిపెట్టింది కాదు, ఆ పిల్ల కనిపెట్టిందీ కాదు. అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాడ్ బాయిడ్, ఆయన సహచరులు 1970ల చివరలో ఈ పద్ధతిని చేపల రైతుల కోసం రాసి ప్రకటించారు. చీకటి పడ్డాక ఒకసారి, రెండు మూడు గంటల తరవాత ఇంకోసారి కొలిచి, ఆ రెండు చుక్కలమీదుగా తిన్నని గీత గీసి తెల్లవారేసరికి ఎంత వుంటుందో అంచనా వేయడం. మన పదో తరగతి పుస్తకంలోని సరళరేఖ తప్ప మరేమీ కాదు. మార్కుల కోసం చేసే లెక్క ఒక కుటుంబం నిద్రను, పెట్టుబడిని కాపాడిందంటే, ఆ మార్కులకు అసలు విలువ ఎక్కడుందో చూడండి. గీత అంచనాయే గాని దేవుడి మాట కాదన్నదీ ఆ పిల్ల గ్రహించింది. మబ్బురోజున మూడోసారి కూడా కొలవాలని తనే పుస్తకంలో రాసిపెట్టుకొంది.

ఇప్పుడు మన తాడేపల్లిగూడెం సోదరికి జవాబు. తాళం తియ్యండమ్మా. కాని కొన్ని షరతులు పెట్టండి. మీకు లెక్కలు రాకపోయినా ఈ షరతులు అమలు జరపవచ్చు.

మొదటిది. బడిలో నేర్పే కొత్త గ్రాఫు ఏదైనా సరే, ముందు చేత్తో గీయాలి. మూడు నాలుగు గీస్తే చాలు, నలభై అక్కరలేదు. రెండోది. మీట నొక్కే ముందు గీత ఎలా వుంటుందో కాగితంమీద చిత్తుగా గీసి మీకు చూపించాలి. తరవాత యంత్రం చూపించినదానితో పోల్చాలి. మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: “ఎందుకు తేడా వచ్చిందిరా?” వాడు మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి లెక్క వచ్చినట్టు. మూడోది. నెలకొకసారి ఇంట్లోని అంకెలతో గ్రాఫు గీయించండి. కరెంటు బిల్లు, తాతగారి రక్తపోటు, గోదావరి కాలవకు నీళ్ళు వదిలినప్పటినుంచి చేలో పైరు ఎత్తు, ఏదైనా. నాలుగోది. పరీక్షలకు రెండు నెలల ముందు యంత్రాన్ని తిరిగి బీరువాలో పెట్టండి. అది శిక్ష కాదు. మాష్టారు చెప్పింది కూడా నిజమే గనుక పరీక్షను పరీక్ష పద్ధతిలోనే అలవాటు చేయాలి.

మామగారికి కూడా ఒక పని చెప్పండి. రోజూ అయిదు నిమిషాలు మనవడి చేత నోటి లెక్కలు చేయించమనండి. బుర్ర తుప్పు పట్టకుండా చూసే బాధ్యత ఆయనదే. ఆయన సంతోషంగా ఒప్పుకొంటారు.

అమెరికా మేనమామ లేని ఇళ్ళవారు చిన్నబుచ్చుకోనవసరం లేదు. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ ట్యాబులు పంచింది. తరవాతి యేడు చాలా బడుల్లో గోడమీద పెద్ద తెరలు కూడా వచ్చాయి. తెరవుంటే చాలు, నేను పైన చెప్పిన ఉచిత సాధనాలు అందులో ఆడతాయి. నలభైమంది పిల్లలకు నలభై యంత్రాలు అక్కరలేదు. మాష్టారు ఒక్క తెరమీద సమీకరణంలోని ఒక అంకెను అటూ ఇటూ జరుపుతూ, గీత ఎలా లేస్తుందో, ఎలా వంగుతుందో చూపిస్తే, చేత్తో గీస్తే వారం పట్టేది పది నిమిషాల్లో కళ్ళకు కడుతుంది. లెక్కల మాష్టార్లకు నా మనవి ఇంతే. పరీక్షకు రానిదని పక్కకు నెట్టకండి. గళ్ళ కాగితం పిల్లల చేతిలోనే వుండనివ్వండి, తెర మీ చేతిలో వుంచుకోండి.

చివరగా, చేపలూ చెరువులూ లేనివారికి కూడా పట్టే మాట ఒకటి. మనందరి కొల్లేరు వుంది. 1999లో దాన్ని అభయారణ్యం చేసినప్పుడు సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీతను హద్దుగా పెట్టారు. ఆ లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలో చేరినప్పుడు లెక్కలోకి వచ్చిన విస్తీర్ణం 901. అది పదడుగుల మట్టానికి. ఎత్తు రెట్టింపు అయితే విస్తీర్ణం రెట్టింపు కావాలి గదా అనుకొనేవారు ఈ రెండు అంకెలూ గళ్ళ కాగితంమీద పెట్టి చూడండి. దాదాపు మూడు రెట్లు అవుతున్నది. ఎందుకంటే కొల్లేరు బావి కాదు, పళ్ళెం. పళ్ళెంలో వేలెడు నీళ్ళు పెరిగితే అంచుదాకా పరుచుకొంటాయి.

ఆ హద్దును అయిదు నుంచి మూడడుగులకు దించాలన్న మాట ఏళ్ళ తరబడి వింటున్నాం. దించాలనేవారికి పొలాల బాధ వుంది, చెరువుల బతుకు వుంది. వద్దనేవారికి కొంగల బాధ, వరదల భయం వున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు ఆ నీరంతా చేరవలసింది కొల్లేరుకే. అక్కడినుంచి సముద్రానికి పోవడానికి వున్న దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎవరి పక్షం సరి అని నేను ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. “రెండడుగులే గదా” అని ఎవరైనా సభలో అన్నప్పుడు, “ఆ రెండడుగులకు ఎన్ని వేల ఎకరాలండీ? గీత గీసి చూపించండి” అని లేచి అడగగలిగినవాళ్ళు మన వూళ్ళల్లో వుండాలి. వాళ్ళు ఇప్పుడు ఎనిమిదో తరగతిలోనో పదో తరగతిలోనో గళ్ళ కాగితం ముందేసుకొని కూర్చున్నారు.